పిండి కాదు... రవ్వ కావాలి!

కోడి ముందా, గుడ్డు ముందా? ఎప్పటికీ తేలని ప్రశ్న. కానీ గుడ్ల కోళ్లు పెంచే రైతును అడిగితే తడుముకోకుండా చెబుతాడు... 'ముందు దాణా!' అని. ఆ దాణాలో ఏమేం కలపాలన్నది అందరూ మాట్లాడుకునేదే. దాన్ని పిండిలా పట్టాలా, రవ్వలా పట్టాలా, గుళికల్లా అచ్చుపోయాలా అన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. గుడ్డు లెక్క తప్పేది చాలాసార్లు అక్కడే!

హైదరాబాద్ నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్ దాటి సంగారెడ్డి వైపు వెళ్తుంటే దారి పొడవునా ఫ్యాక్టరీలే. మందుల కంపెనీలు, ఇనుము ఉక్కు యూనిట్లు, వాటి మధ్యనుంచి సాగిపోయే లారీలు. అదే పటాన్‌చెరులో మూడు వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో జొన్న, సజ్జ, కంది, శనగ పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ ఉంది. ఒక పక్క యంత్రం, మరో పక్క గింజ. ఈ రెండూ కలిసేచోటు దాణా మిల్లు. గింజ అక్కడ ఎలా నలిగిందన్నదాన్ని బట్టే మన పళ్లెంలోకి వచ్చే గుడ్డు పెంకు గట్టిగా ఉంటుందా, పట్టుకుంటే పగులుతుందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

మన రాష్ట్రాలకు ఇది చిన్న విషయమేమీ కాదు. 2023-24లో దేశం మొత్తం మీద 14 వేల కోట్లకు పైగా గుడ్లు ఉత్పత్తయితే అందులో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణది మూడో స్థానం. రెండూ కలిపితే దాదాపు 30 శాతం. ఆ గుడ్డుకు అయ్యే ఖర్చులో 65 నుంచి 70 శాతం ఒక్క దాణాదే. గుడ్డు మీద రైతుకు మిగిలేది పైసల్లో. ధర పడిపోయిన రోజుల్లో అదీ ఉండదు. అలాంటప్పుడు దాణాలో వృథా అయ్యే ప్రతి గ్రామూ రైతు జేబులోంచి పోయేదే.

పళ్లు లేని నోరు
లేయర్లు అని పిలిచే తెల్ల గుడ్ల కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. కానీ దానికి పళ్లు లేవు. నమిలే పని కడుపులో జరగాలి. మెడ దగ్గరి సంచిలో కాసేపు నానిన మేత, జీర్ణరసాలు కలుపుకుని కందనకాయలోకి చేరుతుంది. చికెన్ కొట్టులో మనం అడిగి మరీ వేయించుకునే ఆ గట్టి కండరమే కోడికి తిరగలి.

తిరగలికి పని ఉంటేనే పదును. మేత మరీ మెత్తటి పిండిలా ఉంటే కందనకాయకు నలిపే పనే ఉండదు. పని లేని కండరం చిక్కిపోతుంది. పిండి అక్కడ నిలవకుండా జారిపోతుంది. కాస్త గరుకుగా ఉంటే కండరం బలపడుతుంది, మేత నిలిచి రసాలతో బాగా కలుస్తుంది, ఒంటికి పడుతుంది. దినుసులు అవే, తూకం అదే. మారిందల్లా నలుగు... ఫలితం మాత్రం వేరు.

ఏరుకుని తింటుంది!
పిల్లలు ఉప్మాలో జీడిపప్పు ఏరుకుని తిని కరివేపాకు పక్కన పెట్టడం ప్రతి ఇంట్లో చూసేదే. కోడిదీ అదే బుద్ధి. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు వేలల్లో ఉంటే కోడికి ఉన్నవి వందల్లోనే. అది రుచి చూసి కాదు, కంటితో చూసి ముక్కుతో తాకి ఎంచుకుంటుంది. కంటికి ఆనేది పెద్ద ముక్క. కాబట్టి తొట్టెలో దాణా పడగానే ముందు మొక్కజొన్న పలుకులు మాయమవుతాయి. అడుగున మిగిలేది పొడి.

చిక్కేమిటంటే, అసలు విలువైనవన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. విటమిన్లు, ఖనిజాలు, లైసీన్, మిథియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలు, భాస్వరం ఇచ్చే డీసీపీ... అన్నీ మెత్తటి పొడులే. పలుకులు ఎక్కువ తిన్న కోడికి ఒంట్లో కొవ్వు, పొడి మాత్రమే దొరికిన కోడికి ఆకలి. ఒకే షెడ్డులో, ఒకే దాణా తిని, ఒక కోడి బలిసి మరొకటి చిక్కడానికి ఇదొక ముఖ్య కారణం. గుడ్ల సైజులో తేడాలు, మధ్యలో గుడ్డు పెట్టని రోజులు కూడా దీని వెంటే వస్తాయి.

అలాగని అన్నీ కలిపి పిండి పట్టేస్తే ఏరుకునే బాధ ఉండదు కదా అనుకుంటే పొరపాటే. మరీ మెత్తటి పిండిని కోడి ఇష్టంగా తినదు. ముక్కుకు అంటుకుంటుంది. ఆ ముక్కుతో నీళ్లు తాగితే నీళ్ల పైపులూ నిపుళ్లూ జిగురు. గాలికి లేచే దుమ్ము కోడి ఊపిరికీ, షెడ్డులో పనిచేసే మనిషి ఊపిరికీ చేటు.

అందుకే పౌల్ట్రీ శాస్త్రం చెప్పే మధ్యేమార్గం... రవ్వ! దాణాలో ఎక్కువ భాగం 1 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. మిల్లీమీటరు లోపు పొడి పావు వంతును మించకూడదు. 3 మిల్లీమీటర్లు దాటిన పలుకులు నూటికి ఐదుకు అటూ ఇటూగా సరిపెట్టుకోవాలి. ఉప్మా రవ్వ, ఇడ్లీ రవ్వల తేడా తెలిసిన ఇల్లాలికి ఈ లెక్క చెప్పనక్కర్లేదు.

బ్రాయిలర్‌కి సరే... లేయర్‌కి?
మరి అన్నిటినీ కలిపి గుళికగా అచ్చుపోస్తే? ఏరుకునే వీలే ఉండదు. ప్రతి గుళికలోనూ అన్నీ ఉంటాయి. అమెరికాలో దాదాపు వందేళ్లుగా ఉన్న పద్ధతే ఇది. దాణాకు ఆవిరి పట్టి, 80 డిగ్రీల చుట్టూ వేడి చేసి, రంధ్రాల అచ్చులోంచి ఒత్తి గుళికలు తీస్తారు. వాటినే మళ్లీ నలగ్గొడితే క్రంబుల్. ఆవిరి వేడికి సాల్మొనెల్లా లాంటి హానికర సూక్ష్మజీవులు తగ్గుతాయి. దుమ్ము ఉండదు, నేలపాలయ్యేదీ తక్కువ. మాంసం కోసం పెంచే బ్రాయిలర్లకు ఇది వరం. ఆరు వారాల్లోపే బరువెక్కాల్సిన కోడి అది. ఎంత త్వరగా ఎంత ఎక్కువ తింటే అంత లాభం.

లేయర్ సంగతి వేరు. అది ఏడాదిన్నర పాటు ఒకే బరువు మీద నిలబడి రోజూ గుడ్డు పెట్టాలి. గుళికలు పెడితే గబగబా తినేస్తుంది. అవసరానికి మించి తిని కొవ్వు పట్టొచ్చు. కొన్ని ప్రయోగాల్లో గుళికల వల్ల గుడ్డు బరువు, దాణా ఆదా కాస్త మెరుగయ్యాయి. మరికొన్నిట్లో గుడ్ల సంఖ్యలో తేడాయే లేదు. పైగా బాయిలరు, కరెంటు, అచ్చుల ఖర్చు అదనం. వచ్చే లాభం ఆ ఖర్చుకు సరిపోతుందా అన్నదే రైతు వేసుకోవాల్సిన లెక్క.

ఇంకో కోణమూ ఉంది... తీరిక. 1962లో అమెరికాలో కోడిపిల్లల మీద చేసిన పరిశీలనలో, మాష్ అనే పొడి దాణా తిన్నవి 12 గంటల పగటిలో 14 శాతం సమయం తినడానికే వెచ్చించాయి. గుళికలు తిన్నవాటికి ఐదు శాతం సమయం కూడా పట్టలేదు. మరి మిగతా సమయం ఏం చేయాలి? పని లేని కోడి పక్క కోడి ఈకలు పీకుతుంది. 2000లో ప్రచురితమైన స్విట్జర్లాండ్ పరిశోధనలో ఇదే తేలింది. కెలుక్కోవడానికి గడ్డి లేకుండా గుళికలు మాత్రమే తిన్న కోళ్లలో ఈకలు పీక్కోవడం బాగా ఎక్కువగా కనిపించింది. ఈకలు ఊడిన కోడి ఒంటి వేడి నిలుపుకోవడానికి ఇంకా ఎక్కువ తింటుంది. అంటే గుళికతో ఆదా అయిన దాణా ఈక రూపంలో ఎగిరిపోయినట్టే!

రాత్రి పూట రాతి పని
గుడ్డు రూపాన్ని నిర్ణయించే మరో నలుగు ఉంది. అది గింజది కాదు, సున్నపురాయిది.

ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు పనికే. ఆ పనిలో ఎక్కువ భాగం దీపాలు ఆర్పేశాక, కోడి ఏమీ తినని రాత్రి వేళ జరుగుతుంది. ఒక్క పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తిన్న కాల్షియమంతా ఒంటబట్టదు కాబట్టి రోజుకు నాలుగు గ్రాముల దాకా మేతలో అందాలి.

ఆ సున్నాన్ని మెత్తటి రాతిపొడిగా ఇస్తే పగలే కరిగి వెళ్లిపోతుంది. రాత్రి పెంకు పోతపోసే వేళకు ఖజానా ఖాళీ. అప్పుడు కోడి తన ఎముకల్లోంచి కాల్షియం తీసి గుడ్డుకు పూస్తుంది. రోజూ ఇదే జరిగితే ఎముకలు పెళుసై, కేజీలోనే కాళ్లు పడిపోతాయి. అదే 2 నుంచి 4 మిల్లీమీటర్ల పలుకులుగా ఇస్తే అవి కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. అందుకే గుడ్లు మొదలైనప్పుడు పొడి సగం, పలుకు సగం ఇవ్వడం, వయసు పెరిగేకొద్దీ పలుకు వాటాను మూడింట రెండు వంతులకు, ఆపైకి పెంచడం మంచి పద్ధతి. రోజు మేతలో పెద్ద భాగం మధ్యాహ్నం తర్వాత వేయడంలోని కిటుకూ ఇదే. సాయంత్రం తిన్న రాయి రాత్రి పనికొస్తుంది.

మర్మమంతా మిల్లులోనే
మన దగ్గర చాలా లేయర్ ఫారాలు దాణా సొంతంగానే కలుపుకుంటాయి. షెడ్డు పక్కనే ఒక హామర్ మిల్లు, ఒక మిక్సర్. మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, పొద్దుతిరుగుడు చెక్క, రాయి, మందులు... అన్నీ అక్కడే. ఫార్ములా కాగితం మీద ఎంత పకడ్బందీగా ఉన్నా, మిల్లు సరిగ్గా లేకపోతే ఆ కాగితం వృథా.

హామర్ మిల్లులో గింజను సుత్తులు కొడతాయి. జల్లెడ రంధ్రంలోంచి దూరేంత చిన్నదయ్యేదాకా కొడుతూనే ఉంటాయి. రంధ్రం చిన్నదైతే పిండి, పెద్దదైతే రవ్వ. అంచులు అరిగిన సుత్తి గింజను పగలగొట్టదు, రుద్దుతుంది. దుమ్ము పెరుగుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది. చిరిగిన జల్లెడలోంచి గింజలు గింజలుగానే జారిపోతాయి. రెండు రోలర్ల మధ్య గింజను చిదిపే మిల్లుల్లో నలుగు మరింత సమానంగా వస్తుంది. దాణాలో కాస్త నూనె కలిపితే పొడి పలుకులకు అంటుకుని ఉంటుంది. ఏరుకోవడం తగ్గుతుంది, దుమ్మూ అణుగుతుంది.

వీటన్నిటికంటే చౌకైన చిట్కా ఒకటుంది. రోజుకు ఒకసారి తొట్టెలు ఖాళీ అయ్యేదాకా ఆగడం. అడుగు పొడి కూడా తిన్నాకే కొత్త దాణా వేయాలి. పాత పొడి మీదే కొత్తది పోసుకుంటూ వెళ్తే కోడి పై పలుకులే ఏరుకుంటుంది, అడుగున పొడి అట్టకట్టి బూజు పడుతుంది. తొట్టెను నిండా నింపకుండా మూడో వంతుకు మించకుండా వేస్తే ముక్కుతో చిమ్మే వృథా కూడా బాగా తగ్గుతుంది.

పటాన్‌చెరు జొన్న పాఠం
1972లో మొదలైన ఇక్రిశాట్‌కు కోళ్లతో ఏం పని? పని ఉంది! జనం జొన్నరొట్టె తగ్గించి బియ్యానికి మళ్లాక జొన్న రైతుకు కొత్త కొనుగోలుదారు కావలసి వచ్చాడు. 2000 దశకం మధ్యలో బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి శాఖ నిధులతో ఇక్రిశాట్, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రైతు సంఘాలు, పౌల్ట్రీ రంగం చేతులు కలిపి కోళ్ల దాణాలో మొక్కజొన్న బదులు జొన్నను పరీక్షించాయి. టానిన్లు తక్కువ ఉన్న జొన్న, మొక్కజొన్నకు దాదాపు సమానమైన మేత. కాకపోతే రెండు తేడాలున్నాయి. ఒకటి, జొన్నలో పసుపు రంగు పదార్థాలు తక్కువ కాబట్టి పచ్చసొన పాలిపోతుంది. రెండోది నలుగు సంగతి. మొక్కజొన్న కోసం బిగించిన పెద్ద రంధ్రాల జల్లెడలోంచి చిన్న జొన్న గింజ సుత్తి దెబ్బ పడకుండానే తప్పించుకుంటుంది. గింజ మారితే జల్లెడా మార్చాలన్నమాట.

ఈ పాఠం ఇప్పుడు మళ్లీ పనికొస్తోంది. 2023-24 నుంచి ఇథనాల్ తయారీకి మొక్కజొన్న వాడకం బాగా పెరిగి, కోళ్ల రైతుకు పోటీ వచ్చింది. ఇథనాల్ తీశాక మిగిలే డీడీజీఎస్ అనే పొడి చౌకగా దొరికే మాంసకృత్తుల సరుకుగా దాణాలోకి వస్తోంది. మొక్కజొన్న వాటా తగ్గి పొడి సరుకుల వాటా పెరిగితే దాణా నలుగూ మారిపోతుంది. ఫార్ములా మార్చిన ప్రతిసారీ దాణాను జల్లెడ పట్టి చూసుకోవాల్సిందే. బూజు విషం అఫ్లాటాక్సిన్ భయమూ ఉంది. కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. వేరుశనగ కోసమని తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని పట్టే పరీక్షను అభివృద్ధి చేసిందీ ఇక్రిశాటే. నూకలు, దుమ్ము ఉన్నచోట బూజు విషం ఎక్కువగా పోగవుతుంది. కాబట్టి మిల్లులో పోసే ముందే మొక్కజొన్నను జల్లించడం రెండు విధాలా మేలు.

ఎండల్లో మరో లెక్క
మెదక్, సంగారెడ్డి ఎండలు తెలిసినవే. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే కోడి తిండి తగ్గిస్తుంది. నోరు తెరిచి రొప్పుతుంది. అలా రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుంది. ఆ రోజుల్లో పిండి దాణా అస్సలు ముట్టదు. అందుకే వేసవిలో కొందరు క్రంబుల్ వైపు మొగ్గుతారు. తక్కువ సేపట్లో ఎక్కువ మేత కడుపులో పడుతుందని. దాణా మీద కాస్త నీళ్లు చిలకరించినా కోళ్లు ఇష్టంగా తింటాయి. అయితే తడి దాణా గంటల్లో పులుస్తుంది. తినేంతే తడపాలి, మిగిలింది తీసేయాలి. తెల్లవారుజామున, చల్లబడ్డ సాయంత్రం మేత వేయడం అన్నిటికంటే క్షేమం.

మూడు గ్రాముల విలువ
పది వేల కోళ్ల ఫారం అనుకుందాం. రోజుకు 11 క్వింటాళ్ల దాణా. కోడికి మూడే మూడు గ్రాములు వృథా అయితే రోజుకు 30 కిలోలు, ఏడాదికి దాదాపు 11 టన్నులు. కిలో 30 రూపాయలనుకున్నా మూడు లక్షల పైమాటే. ఇక రోజుకు 9 వేల గుడ్లు వచ్చేచోట పగుళ్లు ఒక్క శాతం పెరిగితే 90 గుడ్లు... అంటే మూడు ట్రేలు. నెలకు 90 ట్రేలు! ఒక జల్లెడ మార్చడానికీ, సుత్తులు తిప్పి బిగించడానికీ అయ్యే ఖర్చు దీని ముందు ఎంత?

పెంకు గట్టిదనం రైతు సమస్య మాత్రమే కాదు. తెలంగాణలో 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో రోజూ భోజనంతో పాటు గుడ్డు ఇస్తున్నారు. ఆ గుడ్డు షెడ్డు నుంచి లారీ, ఆటో ఎక్కి గతుకుల దారిలో పల్లెకు చేరాలి. మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు. 2023-24 లెక్కల ప్రకారం దేశంలో తలసరి అందుబాటు 103 మాత్రమే. ఉన్నవాటిలో దారిలో పగిలిపోయేది ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి కంచంలోంచి జారిపోయినట్టే.

ఏ వయసుకు ఏ రూపం?
* కోడిపిల్లలకు: క్రంబుల్ లేదా సన్నటి, సమానమైన మాష్. చిన్న ముక్కుకు పట్టేలా ఉండాలి.
* ఎదిగే పెట్టలకు: క్రమంగా గరుకు రవ్వ. కందనకాయ బలపడేది ఈ దశలోనే.
* గుడ్లు పెట్టే కోళ్లకు: 1-3 మిల్లీమీటర్ల రవ్వ దాణా, దానితో పాటు సున్నపురాయి పలుకులు.
* ముదురు కోళ్లకు: రాతి పలుకుల వాటా పెంచాలి. మేతలో ఎక్కువ భాగం సాయంత్రం పూట.

పెరటి కోళ్లున్నాయా?
జహీరాబాద్ వైపు జొన్న చేల పల్లెల్లో పెరటి కోడికి దోసెడు జొన్నలు చల్లడం మామూలే. గింజలు గింజలుగా తిన్నా కందనకాయ అరాయించుకుంటుంది. మట్టిలో ఏరుకున్న చిన్న రాళ్లే దానికి తిరగలి రాళ్లు. అయితే వనరాజా, గ్రామప్రియ లాంటి మెరుగైన రకాలు పెంచేవాళ్లు సున్నం సంగతి మరవకూడదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారు చేసిన ఈ కోళ్లు, నాటు కోడికంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. కాబట్టి కాల్షియమూ ఎక్కువ కావాలి. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులను కడిగి, బాగా ఎండబెట్టి, పెనం మీద వేయించి, పలుకులుగా నలిపి సాయంత్రం వేళ విడిగా ఒక గిన్నెలో పెడితే చాలు. కావలసినంత అదే తింటుంది. పొడి చేయొద్దు సుమా!

దాణా కొనేటప్పుడు కావచ్చు, పట్టించేటప్పుడు కావచ్చు... బస్తా మీది ఫార్ములా చదవడంతో పని అయిపోదు. గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడాలి. ఊదితే ఎగిరిపోయేది ఎక్కువగా ఉంటే మిల్లుకు తిరిగి పంపాలి. మన వంటింట్లో ఎప్పటి నుంచో తెలిసిందే కదా... రవ్వ కుదరకపోతే సరుకు ఎంత మంచిదైనా ఉప్మా ఉప్మాలా ఉండదు!